నాన్న మొదట్నుంచి చెప్తారు, డాక్టరుకి టైం ఉండదు

ప్రశ్న: మా నాన్నకు అరవై ఏడేళ్ళు. పొదిలి దగ్గర పల్లెటూరు. అమ్మ పోయినాక నెల్లూరు తీసుకొచ్చి మా ఇంట్లోనే పెట్టుకున్నాను. చాలా ఏళ్ళుగా ఆయనకి నడుము, మెడ పట్టేసి ఉంటాయి, మోకాళ్ళు సరిగ్గా వంగవు. ఈ మధ్య రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.1 వచ్చింది, కిడ్నీలు సరిగ్గా పనిచేయడం లేదన్నారు. డాక్టర్ల దగ్గరికి తిప్పేది నేనే. ఇబ్బంది ఏమిటంటే, "ఏంటి పెద్దాయనా బాధ?" అని అడిగితే చాలు, ముప్పై ఏళ్ళు వెనక్కి పోతారు. "మాకాడ తాగేనీళ్ళ బాయి ఎండిపోయిందయ్యా, బోరు ఏపిచ్చినాం. ఆ తర్వాత మా ఎద్దు కాళ్ళీడ్చడం మొదలుపెట్టింది..." డాక్టరు తలుపు వైపు చూస్తారు. బయట అంతమంది కూర్చుని ఉంటారు. నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది. పోయినసారి "నాన్నా, నువ్వు ఆగు, నేను చెప్తా" అని కాస్త గట్టిగానే అన్నాను. అప్పట్నుంచి ఆసుపత్రిలో నోరు విప్పడం లేదు. ఏమడిగినా "అంతా మా అమ్మాయికి తెలుసయ్యా" అంటారు. ఇంటికొస్తే మాత్రం అదే కథ పాలబ్బాయికి, వాచ్‌మన్‌కి, ఫోన్లో బంధువులకి. మా ఆయన పైకి ఏమీ అనరు గానీ, నాన్న మొదలుపెట్టగానే లేచి వెళ్ళిపోతారు. ఇది చాలదన్నట్టు, ఎవరికో కషాయంతో కిడ్నీలు బాగయ్యాయని మా చిన్నాన్న కొడుకు రోజూ వీడియోలు పంపుతుంటాడు. నాన్న అవి నమ్ముతున్నారు. ఆయన చేత క్లుప్తంగా మాట్లాడించేది ఎట్లా? ఇంట్లో ఆ కథ ఆపించాలా, వద్దా?
— ఒక కూతురు, నెల్లూరు

జవాబు:

అమ్మా,

మీకు అన్నిటికంటే తలవంపుగా అనిపించింది ఆ ఎద్దు సంగతే అయ్యుంటుంది. చాలా ఏళ్ళు ఓపీలో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట కూడా అదే.

మీ ఊరి వైపు సంగతి కాబట్టి నేనూ కొంచెం వెనక్కి వెళ్తాను. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోవే. మన దేశంలో ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై పళ్ళకు, ఎముకలకు వచ్చే జబ్బు) గురించి వైద్యపత్రికకు తొలిసారి ఎక్కింది ఆ పాత నెల్లూరు జిల్లా నుంచే. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు కలిసి రాసిన వ్యాసం అది. దాని పేరులోనే నెల్లూరు జిల్లా ఉంటుంది. అయితే డాక్టర్లకంటే ముందు దాన్ని కనిపెట్టింది రైతులని ఈ జబ్బు చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. దుక్కిటెద్దులు కీళ్ళు బిగుసుకుపోయి అడుగు వేయలేకపోతుంటే వాళ్ళు గమనించి చెప్పుకున్నారు. మనుషుల్లో కూడా అదే బాధ అని తేలింది ఆ తర్వాత. మీ నాన్నగారి తాతల తరం వాళ్ళు ఎద్దు కాళ్ళ గురించి చెప్పుకున్న మాటలే ఇవాళ వైద్య పుస్తకాల్లో ఉన్నాయన్నమాట.

మీ నాన్నగారికి ఫ్లోరోసిస్ అని నేను అనడం లేదు. ఉత్తరం చదివి జబ్బు పేరు పెట్టడం పొరపాటు. నడుము, మెడ పట్టేయడానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి, వయసుతో అరిగిపోవడం వాటిలో మొదటిది. కానీ బోరు, ఆ తర్వాత ఎద్దు, ఆ తర్వాత తన నడుము అనే వరస విన్న డాక్టరు వెంటనే అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఆ నీళ్ళు ఎన్నేళ్ళు తాగారు? ఊళ్ళో ఇంకెవరికైనా ఇలా ఉందా? అనుమానం వస్తే ముంజేతికి ఒక ఎక్స్‌రే తీయిస్తారు. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పలచటి పొర ఫ్లోరోసిస్‌లో సున్నం పట్టినట్టు గట్టిపడి, ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది. ఒంట్లోకి చేరిన ఫ్లోరైడు బయటికి పోవలసింది ఎక్కువగా మూత్రపిండాల ద్వారానే. అవి నెమ్మదిస్తే అది ఒంట్లోనే నిలిచిపోతుంది. కాబట్టి క్రియాటినిన్ చూసే డాక్టరుకు కూడా ఈ సంగతి తెలియాలి.

ఇంకొకటి మిమ్మల్నే అడుగుతాను. బోరు వేసేనాటికి మీరు బాగా చిన్నపిల్లా? మీ ముందుపళ్ళ మీద సుద్దలాంటి తెల్లమచ్చలు గానీ, గోధుమరంగు చారలు గానీ ఉన్నాయా? ఫ్లోరైడు పళ్ళ మీద గుర్తు పెట్టేది చిన్నతనంలో, చిగురు లోపల పన్ను తయారవుతున్నప్పుడే. బాయినీళ్ళు తాగి పెరిగిన మీ నాన్నగారి పళ్ళు శుభ్రంగా ఉండి, మీ పళ్ళమీద చారలుంటే అది కూడా ఆయన కథకు సాక్ష్యమే. ఆ గదిలో కథ తొందరగా అయిపోవాలని ఎదురుచూస్తున్న మనిషి నోట్లోనే సాక్ష్యం ఉండి ఉండవచ్చు.

ఇక టైం సంగతి. డాక్టరును నేను తప్పు పట్టను. 67 దేశాల లెక్కలు కూర్చి 2017లో వచ్చిన ఒక సమీక్షలో, రోగికి డాక్టరు ఇచ్చే సమయం స్వీడన్‌లో సగటున 22 నిమిషాలు దాటితే, మన దేశంలో రెండు నిమిషాల దగ్గరుంది. బంగ్లాదేశ్‌లో నిమిషం కూడా లేదు. అంత జనాన్ని పెట్టుకుని ఎవరైనా ఏం చేస్తారు? ఒకటి మాత్రం డాక్టర్లే తేల్చిన లెక్క. 1975లో ఇంగ్లండులో హ్యాంప్టన్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు ఓపీకి కొత్తగా వచ్చిన 80 మందిని పరిశీలించారు. వాళ్ళలో 66 మంది విషయంలో, రోగి చెప్పింది విని పెట్టుకున్న అంచనాయే చివరికి నిలిచింది. చెయ్యి వేసి చూడటం వల్ల అంచనా మారింది ఏడుగురికి, పరీక్షల వల్ల మారింది ఇంకో ఏడుగురికి. ఇవాళ స్కానింగులు పెరిగాయి, నిజమే. అయినా ఏ స్కానింగు రాయాలో డాక్టరుకు తెలిసేది రోగి నోటి నుంచే కదా.

రోగిని మాట్లాడనిస్తే పొద్దుపోయేదాకా చెప్తారని అందరికీ భయం. స్విట్జర్లాండ్‌లో ఒక పెద్దాసుపత్రి ఓపీలో దీన్ని కూడా కొలిచారు. రోగి తనంతట తాను ఆపేదాకా అడ్డం రావద్దని డాక్టర్లకు చెప్పి, 335 మందిని గమనించి, 2002లో ప్రచురించారు. సగటున ఒకటిన్నర నిమిషంలో చెప్పడం అయిపోయింది. ప్రతి పదిమందిలో దాదాపు ఎనిమిది మంది రెండు నిమిషాల లోపే ముగించారు. అయిదు నిమిషాలు దాటినవాళ్ళు ఏడుగురే, ఆ ఏడుగురూ చెప్పింది అవసరమైన సంగతే అని డాక్టర్లే అన్నారు. మీ నాన్నగారు ఆ ఏడుగురి జాతి మనిషి కావచ్చు, కాదనను. మా నెల్లూరు, ప్రకాశం పెద్దవాళ్ళు ఏ సంగతైనా ఊరి పొలిమేర నుంచి మొదలుపెట్టి ఇంటికి తీసుకొస్తారు. తిక్కనగారి జిల్లాలో కథ కురచగా చెప్పమంటే కుదురుతుందా!

అసలు ఇబ్బంది కథ పొడుగు కాదమ్మా. ఆయన మాట ఆగిపోయి మీ మాట మొదలవడం. "అంతా మా అమ్మాయికి తెలుసు" అని ఆయన అంటున్నారు. మీకు అంతా తెలియదు. పొదిలిలో ఉన్నన్నాళ్ళు నొప్పికి ఏం వాడారో మీకు తెలుసా? నేను చూసినంతలో, నడుంనొప్పితో ఏళ్ళు గడిపిన రైతులో, కూలి మనుషులో మెడికల్ షాపులో చీటీ లేకుండా నొప్పిబిళ్ళలు కొనుక్కోకుండా ఉండరు. లేదంటే ఊళ్ళో ఆర్‌ఎంపీ కాగితం పొట్లంలో కట్టి ఇచ్చే రంగురంగుల మాత్రలు, పేరుండదు, పూటకి మూడు. డైక్లోఫెనాక్‌లాంటి నొప్పిబిళ్ళలు ఏళ్ళ తరబడి వాడితే కిడ్నీలు దెబ్బతింటాయి. పొట్లాల్లో స్టెరాయిడ్ మాత్ర కలవడం కూడా అరుదేమీ కాదు. 2.1 వెనక ఇదేమన్నా ఉందా అన్నది మీ ఫైల్లో దొరకదు, మీ నాన్నగారి నోట్లోంచి రావాలి. కూతురు పక్కన కూర్చుంటే అది రాదు. "నాకు చెప్పకుండా అన్ని బిళ్ళలు మింగావా" అంటారని భయం.

ఈసారి వెళ్ళేటప్పుడు ఇలా చేసి చూడండి. ముందురోజు రాత్రి, అన్నాలయ్యాక, ఆయన్ని ఒకే ప్రశ్న అడగండి: "రేపు ఆ డాక్టరుకి ఒక్క సంగతే చెప్పే వీలుంటే ఏం చెప్తావు నాయనా?" ఆయన ఏమంటే అది, ఆయన మాటల్లోనే, కాగితం మీద మొదటి వాక్యంగా రాయండి. "పొద్దున లేస్తే మెడ తిరగదు" అంటే అట్లాగే రాయండి, "సర్వైకల్ పెయిన్" అని దిద్దవద్దు. దాని కింద సంవత్సరాల వరస: బాయి ఎండింది ఎప్పుడు, బోరు ఎప్పుడు, ఎద్దు ఎప్పుడు, నడుము మొదట పట్టింది ఎప్పుడు, బీపీ ఎప్పుడు బయటపడింది, క్రియాటినిన్ ఏ తారీఖున ఎంత. తేదీలు గుర్తులేకపోతే పెద్దవాళ్ళ లెక్కే రాయండి, "అమ్మాయి అయిదో క్లాసు చదివేటప్పుడు" అన్నా చాలు. ఒక పేజీ దాటకూడదు. ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ, సగం వాడినవి కూడా, ఒక క్యారీబ్యాగ్‌లో వేసుకుని వెళ్ళండి.

గదిలోకి వెళ్ళాక డాక్టరుకు దగ్గరి కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టి మీరు వెనక నిలబడండి. "సార్, నాన్న రెండు నిమిషాలు చెప్తారు, మిగతాది ఈ కాగితంలో ఉంది" అని కాగితం ముందే బల్లమీద పెట్టేయండి. అంతే. డాక్టరు కళ్ళు కాగితం మీద, చెవి ఆయన మీద ఉంటే పని నడుస్తుంది. తర్వాత "బిల్లు కట్టేసి వస్తాను" అని ఏదో వంకతో ఒక్క అయిదు నిమిషాలు బయటికి రండి. బిళ్ళల సంగతి బయటపడితే అప్పుడే పడుతుంది. వరండాలో బీపీ చూసే సిస్టర్‌కి కూడా చెప్పొచ్చని ఆయనకి చెప్పండి, చాలామంది అసలు సంగతి ఆమెకే చెబుతారు. ఒకవేళ పొట్లాల మాత్రలు ఇంకా వాడుతున్నారని తెలిస్తే, కోపంతో అన్నీ చెత్తబుట్టలో వేయవద్దు. స్టెరాయిడ్ అయితే ఉన్నట్టుండి ఆపకూడదు, డాక్టరు చెప్పిన పద్ధతిలోనే ఆపాలి.

రోగి మాట వినడం ఇప్పుడు వైద్యవిద్యలో పాఠం కూడా అయింది. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో రీటా షరాన్ అనే డాక్టరు, రోగి చెప్పే కథను చదవడం, వినడం ఒక విద్యగా నేర్పించారు. మన దగ్గర కూడా 2019లో మారిన ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళికలో రోగితో మాట్లాడే తీరుకు ప్రత్యేకంగా చోటిచ్చారు. ఆ పిల్లలు ఓపీల్లోకి వస్తున్నారు, చూద్దాం.

ఇంట్లో కథ ఆపించాలా అన్నారు. ఆపించవద్దు. కానీ మీరు దాన్ని ఇప్పటిదాకా ఒక్కసారైనా చివరిదాకా విన్నారా? మీరు రాసిన తీరు చూస్తే ఎద్దు దగ్గరే అందరూ లేచిపోతున్నట్టుంది. ఎద్దు తర్వాత ఏముందో నాకూ తెలియాలనే ఉంది.

ఆర్థర్ క్లైన్‌మన్ అని అమెరికాలో ఒక సైకియాట్రిస్టు, రోగులను అడగమని డాక్టర్లకు కొన్ని ప్రశ్నలు సూచించారు. ఈ బాధ ఎందుకు వచ్చిందని మీరు అనుకుంటున్నారు? సరిగ్గా అప్పుడే ఎందుకు మొదలైంది? దీని గురించి మీకున్న పెద్ద భయం ఏమిటి? ఇవి డాక్టరే అడగాలని లేదు. మీ నాన్నగారు "ఏపిచ్చినాం" అన్నారని రాశారు. ఆ బోరు వేయించింది ఆయనేనా? మీ అమ్మగారు కూడా ముప్పై ఏళ్ళు ఆ నీళ్ళే కదా తాగింది. ఆమె ఎలా పోయారో మీరు రాయలేదు. ఎద్దు, ఆ తర్వాత తన నడుము, ఆ తర్వాత ఇంటి మనిషి. ఇదంతా తను వేయించిన బోరు వల్లేనా అన్న అనుమానం ఆయన్ని తొలుస్తుండవచ్చు. ఆ అనుమానం పాలబ్బాయి తీర్చలేడు. అందుకే మర్నాడు వాచ్‌మన్‌కి మొదట్నుంచి మళ్ళీ చెబుతారు. ఇది నా ఊహే, తప్పు కావచ్చు. ఒక ఆదివారం సాయంత్రం టీవీ కట్టేసి కూర్చుని, మధ్యలో "తర్వాత?" తప్ప ఇంకేమీ అనకుండా వినండి. చివర్లో, "ఇదంతా ఎందుకిట్లా అయిందంటావు?" అని అడగండి. జవాబు వినగానే "ఛ, అదేం కాదులే నాన్నా" అనేయకండి. ఓదార్పు అనుకుని అనే ఆ మాట కూడా నోరు మూయించేదే.

ఆయన ఒప్పుకుంటే మీ పిల్లల చేత ఫోన్లో రికార్డు చేయించండి, లేదా నోటుబుక్కులో రాయించండి. ముసలివాళ్ళు మనవళ్ళకి చెప్పేటప్పుడు తమ మీద తాము కొంచెం తక్కువ కోపంగా చెప్పుకుంటారు.

ఒక జాగ్రత్త. రోజూ అదే కథ చెప్పడం వేరు, ఇందాకే చెప్పిన సంగతి మరిచిపోయి అరగంటలో అదే మనిషికి మళ్ళీ చెప్పడం వేరు. రెండోది గమనిస్తే అది మతిమరుపు కావచ్చు, ఆ కాగితంలో రాయండి. అలాగే ఆసుపత్రిలోనే కాక ఇంట్లో కూడా మాట తగ్గి, తిండి తగ్గి, నిద్ర లేకుండా ఉంటే అది కూడా రాయండి.

మీ ఆయన లేచి వెళ్ళిపోతే పోనీయండి. అందరూ వినాలని లేదు. ఇంట్లో ఒక్కరు వింటే చాలు, మిగతావాళ్ళు టీ పెట్టినా సాయమే.

చివరికి ఆ వీడియోలు. మీరు నెల్లూరులో ఉంటున్నారు కాబట్టి మొహర్రం నెలలో రొట్టెల పండుగ చూసే ఉంటారు. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి, "ఆరోగ్య రొట్టె ఎవరి దగ్గర ఉంది?" అని అడుగుతుంటారు. పోయినేడు మొక్కుకుని బాగుపడినవాళ్ళు రొట్టె తెచ్చి ఇస్తారు. ఇస్తూ తమ జబ్బు కథ చెబుతారు, ఏమొచ్చింది, ఎన్ని ఊళ్ళు తిరిగారు, ఎంత ఖర్చయింది, ఎట్లా తగ్గింది. మోకాలి లోతు నీళ్ళలో ఇద్దరు ముక్కూమొహం తెలియని మనుషులు ఒకరి బాధ ఒకరు అంత ఓపికగా వినడం నేను ఇంకెక్కడా చూడలేదు. కులం, మతం ఎవరూ అడగరు. నాకు ఆ పండుగ అంటే గౌరవం. కానీ ఒక్కటి ఆలోచించండి. అక్కడికి రొట్టె ఇవ్వడానికి వచ్చేది ఎవరు? బాగయినవాళ్ళే. తగ్గనివాళ్ళు మళ్ళీ రొట్టె అడిగే వరసలో ఉంటారు, పోయినవాళ్ళు అసలు రారు. మీ చిన్నాన్న కొడుకు పంపే వీడియోలు కూడా అంతే. కషాయం తాగి డయాలసిస్ దాకా వెళ్ళినాయన కెమెరా ముందుకొచ్చి మాట్లాడడు. పైగా దర్గా దగ్గర రొట్టె ఇచ్చినామె తన మందులు మానేయమని ఎవరికీ చెప్పదు, వీడియోవాళ్ళు చెబుతారు.

దీన్ని మీ నాన్నగారికి వాదనగా చెప్పకండి. ఆయన కథలు నమ్మే మనిషి, అంకెలకు లొంగరు. ఆ వీడియో ఆయనతో కలిసి చూసి, "ఈయనకి క్రియాటినిన్ ఎంత ఉండింది? తాగినాక ఎంతైంది? ఏ ఆసుపత్రి కాగితం చూపించాడు?" అని మామూలుగా అడగండి. తన కథలో బాయి, బోరు, ఎద్దు అని వరస తప్పకుండా చెప్పే మనిషి, అవతలివాడి కథలో వరస లేకపోతే తానే పట్టుకుంటారు. అప్పటికీ తాగుతానంటే, దాచుకుని తాగే పరిస్థితి తేకండి. "తాగేముందు డాక్టరుకి చూపిద్దాం, కిడ్నీకి పడని ఆకులు కూడా ఉంటాయంట" అని సీసాని ఆ క్యారీబ్యాగ్‌లోనే వేయండి.

పొదిలి ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారో, ఆ బోరు ఇంకా నడుస్తోందో లేదో మీరు రాయలేదు. నడుస్తుంటే, ఈసారి ఎవరైనా వచ్చేటప్పుడు లీటరు నీళ్ళు తెమ్మనండి. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాని అదే నీళ్ళతో రెండుమూడుసార్లు తొలిచి నింపాలి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో ఫ్లోరైడు పరీక్ష చేస్తారు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. ఎక్కువుంటే కాచి తాగడం వల్ల లాభం లేదు, కాచితే ఇంకా చిక్కబడుతుంది. ఆ ఇంట్లోగానీ, పక్కిళ్ళలోగానీ ఎనిమిదేళ్ళలోపు పిల్లలుంటే వాళ్ళకి ముందు నీళ్ళు మార్చమని చెప్పండి. రిపోర్టు వచ్చాక ఒక జిరాక్స్ నాన్నగారి ఫైల్లో పెట్టి, ఒరిజినల్ ఆయన చేతికే ఇచ్చి పంచాయతీలో ఇప్పించండి.